వెండి వాలుగ

పటాన్‌చెరు బస్టాండు వెనక వీధిలో, పైపులూ నల్లాలూ అమ్మే దుకాణం పైన, ఒకే ఒక్క గదిలో ఆరుగురు ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేపలు పడతారు. కింద లోడు లారీ పోయినప్పుడల్లా గది నేల అదురుతుంది. కంప్యూటర్ తెరల మీద సరస్సు మాత్రం కదలదు.

అది విదేశాల వాళ్లు ఆడే ఆట. కత్తి పట్టిన వీరుడొకడు రాక్షసుల్ని చంపుకుంటూ రాజ్యాలు తిరుగుతాడు. ఎంత వీరుడైనా బలం పెరగాలంటే అరుదైన చేపను గాలం వేసి పట్టి వండుకు తినాలి. కత్తి తిప్పే ఓపిక ఉండి గాలం పట్టుకు కూర్చునే ఓపిక లేనివాళ్లు జయంత్‌కి డబ్బు కట్టి తమ పాస్‌వర్డ్ ఇస్తారు. జయంత్ దగ్గర పనిచేసే పిల్లలు వాళ్ల పేరు మీద ఆటలోకి దిగి, కావలసిన చేపలు పట్టి, సంచీ నింపి అప్పగిస్తారు.

ఆ గదిలో శ్రావ్యది అందెవేసిన చెయ్యి. ఏ చేపకు ఏ ఎర గుచ్చాలో ఆమెకు తెలిసినంతగా మిగతావాళ్లకు తెలియదు. రాళ్ల సందుల్లో దాక్కునేదానికి వానపాము. నాచు మేసేదానికి పిండి ముద్ద. ఆటలో మబ్బు పడితే మిడత, పొద్దు గూకితే మిణుగురు. ఎర తప్పితే బెండు నీళ్ల మీద అలా ఊగుతూనే ఉంటుంది, గంట గడిచిపోతుంది. ఆట వాళ్లు ఆ చేపలకు పెట్టిన ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక పిల్లలు సొంత పేర్లు పెట్టుకున్నారు. పాము తల ఉన్న నల్ల చేప కనబడగానే పక్క కుర్చీలోంచి ధనలక్ష్మి అరుస్తుంది.

"కొర్రమట్టొచ్చింది అక్కా!"

"కొరమీను," అంటుంది శ్రావ్య.

"మీ ఆంధ్రోల్లు చేప పేరు గూడ మెత్తగ జేసి పలుకుతరు."

"నేను పుట్టింది బీరంగూడలోనేనే తల్లీ."

"పుడితె ఏమాయె, మీ అమ్మ ఏమంటదో నువ్వదే అంటవ్."

ధనలక్ష్మి లక్డారం నుంచి ఆటోలో వస్తుంది. పెళ్లయి ఏడాది కాలేదు. మనిషి సన్నం, నవ్వు మాత్రం గదంతా వినబడుతుంది.

గదికీ మెట్లకూ మధ్య ఇనుప గ్రిల్ గేటు ఉంది. పనిలోకి రాగానే ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేయించుకుని, జయంత్ బయటి నుంచి ఆ గేటుకు తాళం వేస్తాడు. అంతకుముందు పనిచేసిన ఒకడు కస్టమర్ల పాస్‌వర్డ్‌లు బయట అమ్ముకున్నాడట. అప్పటినుంచీ ఈ తాళం. బాత్రూం గేటుకు అవతల, మెట్ల మలుపులో ఉంది. వెళ్లాలంటే గోడకున్న బెల్లు నొక్కాలి. జయంత్ కింద ఉంటే వచ్చి తీస్తాడు. లేకపోతే వచ్చేదాకా ఆగాలి. ఆగడం అలవాటై, పిల్లలు ఇంటి దగ్గర మంచినీళ్లు తాగడం తగ్గించుకున్నారు.

ఆ సోమవారం ఆటలోకి కొత్త చేప వచ్చింది. పొడుగ్గా, వెండి రేకులా, వెడల్పాటి నోరుతో, రెండు మీసాలతో ఉంది. శ్రావ్య దానికి వెంటనే వాలుగ అని పేరు పెట్టింది. జయంత్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"దీనికి ఎర ఏందో ఇంటర్నెట్‌ల ఎవనికీ దొరకలేదు శ్రావ్యా. మన పెద్ద కస్టమర్‌కు గురువారం కల్లా కావాలె. నువ్వు తప్ప ఎవరు పడ్తరు?"

ఆ మాటకు శ్రావ్యకు ఒళ్లు కాస్త తేలికైంది. జయంత్ సంగారెడ్డిలో పనుందని గేటుకు తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

శ్రావ్య వరసగా ఎరలు మార్చింది. వానపాముకు వాలుగ రాలేదు. మిడతకు వచ్చి బెండు చుట్టూ ఒక చుట్టు తిరిగి పోయింది. చేప గుడ్లకు దగ్గరదాకా వచ్చి, మీసాలతో తడిమి, తోక తిప్పింది. అప్పుడే పక్కన కుర్చీ కిర్రుమంది. ధనలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

బెల్లు నొక్కారు. మళ్లీ నొక్కారు. మెట్లెక్కి వచ్చింది జయంత్ తండ్రి రాజేశం. కింది దుకాణం ఆయనదే.

"కీ నా తాన లేదు బిడ్డా," అన్నాడు గ్రిల్ అవతల నిలబడి. "వానికి ఫోన్ జేసిన. తొవ్వల ఉన్నడట."

ధనలక్ష్మి రెండు చేతులా చువ్వలు పట్టుకుని వంగిపోయింది. రాజేశం గబగబా కిందికి పోయి, నల్లాలు కట్టిచ్చే ప్లాస్టిక్ కవర్లు నాలుగైదు తెచ్చి చువ్వల సందులోంచి లోపలికి అందించాడు. ఇచ్చి, మొహం గోడవైపు తిప్పుకుని అలాగే నిలబడ్డాడు. శ్రావ్య ఒక చేత్తో కవరు పట్టుకుని, ఇంకో చేత్తో ధనలక్ష్మి జడ వెనక్కి లాగి పట్టుకుంది. కడుపులో ఉన్నదంతా వచ్చేసినా ఆ పిల్ల ఒళ్లు వణకడం ఆగలేదు.

జయంత్ వచ్చి గేటు తీసేసరికి గదంతా వాసన. ముక్కు మూసుకుని, "ఫ్యాన్ స్పీడ్ పెంచుండ్రి," అన్నాడు.

శ్రావ్య కవరు చేత్తో పట్టుకునే అతనికి ఎదురుగా నిలబడింది. "సార్, తాళం చెవి ఒకటి లోపల ఉండాలి. మేం కూడా మనుషులమే."

ఇంత గట్టిగా అంటానని ఆమే అనుకోలేదు. మిగతా పిల్లలు తెరల మీంచి తలలెత్తారు. జయంత్ కోప్పడలేదు. ఆమెను తేరిపార చూసి, సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయాడు.

బాత్రూంలో మొహం కడుక్కుంటూ ధనలక్ష్మి గొంతు తగ్గించి చెప్పింది. "మూడో నెల అక్కా. సార్‌కు చెప్పకు. తీసేస్తడు."

మర్నాడు పొద్దున శ్రావ్య వచ్చేసరికి ఆమె కంప్యూటర్ కిటికీ పక్కకు మారి ఉంది. మెత్త వేసిన కుర్చీ ఉంది. జయంత్ తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వన్నది కరెక్టే. నాకే బుద్ధి లేదు. ఈ రోజు నుంచి నువ్వే టీం లీడ్‌వి. ఫోన్ గూడ నీ తాననే ఉంచుకో. ఒక్కలు పోయినంక ఒక్కలు పోవాలె, గేటు మల్ల వెయ్యాలె, గంతే. నమ్మకం ఉండబట్టి ఇస్తున్న."

ఆ రోజు గదిలో పండగలా గడిచింది. అడిగినవాళ్లకు అడిగినట్టు శ్రావ్య గేటు తీసింది. ధనలక్ష్మి ఉత్తినే రెండుసార్లు బయటికి వెళ్లి, మెట్ల మీద నిలబడి, గాలి పీల్చుకుని వచ్చింది. మధ్యాహ్నం ఆరుగురూ మంచినీళ్లు కడుపునిండా తాగారు.

సాయంత్రం బీరంగూడలో తల్లి నాగరత్నం ఆ తాళం చెవిని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. "తాళాలు నీ చేతికొచ్చాయంటే సగం ఓనరువి అయినట్టేనే. ఇలా సంచీలో పడేస్తే ఎక్కడో పారేసుకుంటావు." భర్త వెంకటేశ్వరరావు ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో మెడలో వేసుకున్న గుర్తింపు కార్డు పట్టీ బీరువాలోంచి తీసి, దానికి తాళం చెవి తగిలించి, కూతురి మెడలో వేసింది. "ఏవండీ, చూడండి ఎలా ఉందో!" అంది భర్తతో. ఆయన పేపరు దించి చూసి, "బావుంది. జాగ్రత్తగా ఉండు," అన్నాడు.

బుధవారం జయంత్ గదిలోకి వచ్చి, శ్రావ్య పక్కన స్టూలు వేసుకుని, మెల్లగా మాట్లాడాడు.

"నిన్న గేటు ఊకూకె తీసినరట. నేనేం అంటలేను. పోవద్దని నేనెట్లంట? కని పని ఎంత తగ్గిందో నువ్వే సూడు. పొద్దంతల రెండుసార్లు చాలదా? నువ్వే ఏదో ఒకటి ఆలోచించు. లీడ్‌వి నువ్వు."

"అలాగే సార్."

"ఇంకోటి. సోమవారం నుంచి ఎనిమిదింటి దాక ఉండాలె. నేను చెప్తె గొడవ జేస్తరు. నువ్వు చెప్తె వింటరు."

మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుతుంటే శ్రావ్య చెప్పింది. ఎలా చెప్పాలో పొద్దున్నుంచీ మనసులో కూర్చుకుంది గాని, ఏ అడ్డూ రాలేదు. ఒకరిద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నువ్వున్నవ్ గదక్కా, సరే," అన్నారు. ధనలక్ష్మి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఎనిమిదింటికి లక్డారానికి ఆటోలు దొరకవ్," అంది. "చూద్దాంలే, సార్‌తో మాట్లాడతాను," అంది శ్రావ్య. మాట్లాడలేదు. సాయంత్రం అతను వచ్చినప్పుడు వాలుగ గురించే మాట సరిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆ చేప గుట్టు బయటపడింది. ఎరలన్నీ అయిపోయి, విసుగొచ్చి, శ్రావ్య రొట్టె ముక్క గుచ్చి ఒడ్డు దగ్గరే వేసింది. వేలెడంత చేప, పరక పిల్ల ఒకటి తగిలింది. లాగబోతుంటే కింది లారీ హారన్‌కు ఉలిక్కిపడి, బటన్ మీదినుంచి వేలు జారింది. పరక గాలానికి ఉండగానే నీళ్లలో కొట్టుకుంటోంది. ఎక్కడో లోతులో ఉన్న వెండి వాలుగ మలుపు తిరిగి, బాణంలా దాని వైపు వచ్చింది. చివరి క్షణంలో దారం తెగిపోయింది.

శ్రావ్యకు సంగతి అర్థమైంది. ఆటలో ఎరల బుట్టలో దొరికే ఏ ఎరా దానికి పనికిరాదు. అదే నీళ్లలో అప్పుడే పట్టిన చిన్న చేపను గాలానికే ఉంచి మళ్లీ వదలాలి. అది బతికి ఉండాలి. మరీ లాగితే చస్తుంది, మరీ వదిలితే తప్పించుకుంటుంది. సాయంత్రం దాకా ఆ పట్టు మీదే వేలు సాధన చేసింది. ఇంటికి పోతూ బస్సులో కూడా బొటనవేలు తొడ మీద దానంతట అది కదులుతూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం కస్టమర్ తన దేశం నుంచి చూస్తూ కూర్చున్నాడు. మనిషి ఆడుతోందో మెషిన్ ఆడుతోందో తనకు తెలియాలన్నాడట. అందుకని శ్రావ్య మొహం కనబడేలా కెమెరా పెట్టారు. ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, "ఆడు. పైన దేవుడు, కింద నువ్వు," అని చెప్పి జయంత్ దుకాణంలోకి దిగి, తన ఫోన్లో చూస్తూ నిలబడ్డాడు.

పరక తగిలింది. శ్రావ్య వేలు మెత్తగా వదిలింది. పరక నీళ్లలోకి జారి, వెన్ను తిప్పుకుంటూ ఈదింది. లోతులో వెండి మెరుపు కదిలింది. వచ్చింది, ఆగింది, దూరంగా చుట్టు తిరగడం మొదలుపెట్టింది.

"అక్కా, కీ ఇస్తవా?"

హెడ్‌ఫోన్లో నీళ్ల చప్పుడు. దాని వెనక ధనలక్ష్మి గొంతు.

"ఒక్క నిమిషం," అంది శ్రావ్య.

వాలుగ చుట్టు తగ్గించింది. పరక అలసిపోతోంది. కొద్దిగా దారం లాగి, మళ్లీ వదిలి, దానికి ప్రాణం ఉన్నట్టు కనబడేలా చేసింది. తాళం చెవి మెడలోనే ఉంది. పట్టీ తీసి ఇవ్వాలంటే ఒక చెయ్యి ఖాళీ కావాలి, హెడ్‌ఫోన్ తియ్యాలి. చుట్టూ ఏం జరుగుతున్నదో ఆమెకు పట్టలేదు. "అక్కా" అన్న మాట ఇంకోసారి వినబడిందో, వినబడినట్టనిపించిందో. వెండి నోరు తెరుచుకుంది. బెండు ఒక్కసారిగా మాయమైంది. గాలపు కర్ర విల్లులా వంగింది. శ్రావ్య రెండు చేతులతో లాగింది, వదిలింది, లాగింది. తెర నిండా వెలుగు చిమ్ముతూ వాలుగ ఒడ్డు మీద పడింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కింది నుంచి జయంత్ కేక వినబడింది. శ్రావ్య హెడ్‌ఫోన్ లాగేసి, నవ్వుతూ వెనక్కి తిరిగింది.

చప్పట్లు ఒక పక్క నుంచి ఆగిపోతూ వచ్చాయి. ధనలక్ష్మి గేటుకు మొహం పెట్టి నిలబడి ఉంది. ఆమె లేత పసుపు సల్వార్ మోకాళ్ల కింది దాకా తడిసి ఉంది. కాళ్ల దగ్గర టైల్స్ మీద నీళ్లు మెల్లగా పాకుతున్నాయి. ఆమె ఏడవడం లేదు. ఎవరూ తన దగ్గరికి రాకుంటే చాలన్నట్టు, కదలకుండా నిలబడింది.

శ్రావ్య తన చున్నీ తీసి ఆమె నడుముకు చుట్టింది. గేటు తీసింది. ధనలక్ష్మి ఆమె వైపు చూడకుండా మెట్లు దిగింది. డబ్బాలో ఉన్న ఫోన్ కూడా తీసుకోలేదు. శ్రావ్య అది పట్టుకుని వెనకే పరుగెత్తి, ఆటోలో కూర్చున్న ఆమె ఒళ్లో పెట్టింది. ధనలక్ష్మి "పోనియ్యన్నా," అంది డ్రైవర్‌తో.

శుక్రవారం ధనలక్ష్మి కుర్చీలో కొత్త పిల్ల కూర్చుని ఉంది. పేరు శ్రీదివ్య, ఊరు పటేల్‌గూడ. జయంత్ మిఠాయి డబ్బా తెచ్చాడు. అందరికీ పంచి, శ్రీదివ్యకు నేర్పడానికి నిన్నటి ఆట వీడియో పెట్టాడు. సగం నుంచి మొదలుపెట్టాడు.

"సూడు, ఇక్కడ చెయ్యి ఎట్ల వదిలిందో సూడు. గిది నేర్చుకోవాలె."

తెరలో సరస్సు. కింద మూలన చిన్న చదరంలో శ్రావ్య మొహం. ఆ మొహం వెనక గ్రిల్ గేటు, గేటు దగ్గర ధనలక్ష్మి. మొదట తిన్నగా నిలబడి ఉంది. తర్వాత కాలు మార్చింది. తర్వాత కాళ్లు దగ్గరగా ముడుచుకుంది. నోరు కదిలింది. చదరంలోని శ్రావ్య కళ్లు బెండు మీదే ఉన్నాయి. ధనలక్ష్మి నోరు మళ్లీ కదిలింది. నుదురు చువ్వలకు ఆనించింది. ఒక్క నిమిషం కాదది. జయంత్ వేలు మాత్రం వాలుగ వెంటే తిరుగుతోంది. అతను ఆ మూల చూడనే లేదు.

"సార్," అంది శ్రావ్య. "గేటుకు తాళం వద్దు. తీసే ఉంచుదాం."

"మల్లేమైంది? కీ నీ తాననే ఉన్నది గద."

"నా దగ్గర కూడా వద్దు."

జయంత్ వీడియో ఆపాడు. ఈసారి కూడా కోప్పడలేదు. "తాళం లేకుంట నేను ఈ పని నడపలేను. నీకు వద్దంటె చెప్పు, ఎవలకియ్యాలె?"

శ్రావ్య మెడలోంచి పట్టీ తీసింది. చెవి విడదీసి బల్ల మీద పెట్టి, తండ్రి పట్టీని సంచీలో వేసుకుంది. మిగతా పిల్లల వైపు చూసింది. నిన్న చప్పట్లు కొట్టిన చేతులన్నీ కీబోర్డుల మీద ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు. ఎత్తమని తనెలా అడుగుతుంది? ఆమె మెట్లు దిగుతుంటే పైన గేటు మూసిన చప్పుడు, తాళం పడిన చప్పుడు వినబడ్డాయి.

ఇంటికి పోబుద్ధి కాలేదు. బస్టాండు ముందు చాలాసేపు నిలబడి, లక్డారం షేర్ ఆటో ఎక్కింది. ధనలక్ష్మి ఇల్లు అడిగి అడిగి పట్టుకునేసరికి ఎండ దిగుతోంది. రేకుల వసారాలో అత్త దుర్గాదేవి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కోడలు.

"మీ మేడమా?" అంది దుర్గాదేవి లేచి కుర్చీ జరుపుతూ. "రా బిడ్డా, కూసో. మంచి కబురు ఇన్నవా? మీ సార్ ఇప్పుడే ఫోన్ జేసిండు. మా కోడల్ను లీడర్ జేసిండట."

శ్రావ్య ధనలక్ష్మి మొహం చూసింది. ధనలక్ష్మి చిక్కుడు ఈనె తీస్తూ తల వంచుకునే ఉంది. శ్రావ్య కుర్చీలో కూర్చుంది. చాయ్ తాగింది. బయల్దేరుతుంటే ధనలక్ష్మి రోడ్డు దాకా వెంట వచ్చింది.

"నీ చున్నీ ఉతికిన అక్కా. ఇంకా ఆరలే."

"ఉండనీ. కీ తీసుకుంటున్నావా?"

"తీస్కోకుంటె ఎట్ల? ఇంకా ఎన్ని నెలలు పోవాల్నో నాకు. కీ నా తాననే ఉంటె ఎప్పుడంటె అప్పుడు బయటికి పోత, వస్త. నాకింకేం పరేషాన్?" ఆగి, అంది, "వీడియో గూడ పంపిండు. సోమారం లోపల నేర్చుకోమన్నడు."

శ్రావ్య నడక ఆగిపోయింది. "చూశావా?"

"మొత్తం సూసిన."

"నాకు వినబడలేదు ధనలక్ష్మీ. నిజంగా. చెవులకు అవి పెట్టుకుని... ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే—"

"తిరిగినవ్."

లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ధనలక్ష్మి పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దుమ్ము సర్దుకునేదాకా ఆగింది.

"ఒకసారి తిరిగినవ్ అక్కా. చేప తగలకముందు. నా దిక్కు సూసినవ్. మల్ల అటు తిరిగినవ్."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. కాదనబోయిన శ్రావ్యకు అప్పుడు గుర్తొచ్చింది. చువ్వల చుట్టూ బిగిసిన వేళ్లు. గోళ్ల మీద సగం పెరిగిపోయిన గోరింటాకు. ఆ ఎరుపు తను చూసింది. చూసి, ఇంకా ఆగగలదులే అనుకుంది.

పటాన్‌చెరు వైపు ఆటో వచ్చి ఆగింది. శ్రావ్య ఎక్కి కూర్చుని, దిగబోయినట్టు మళ్లీ ముందుకు వంగింది.

"నువ్వు తీస్తావు కదా? ఎవరైనా అడిగితే వెంటనే తీస్తావు కదా?"

"ఎందుకు తియ్య? గా తిప్పలు పడ్డదాన్నే గద నేను," అంది ధనలక్ష్మి, పాత నవ్వు నవ్వుతూ. "మరీ చేప చేతికొచ్చే టైంల అడిగిన్రనుకో, ఒక్క నిమిషం ఆగుమంట. గంతే."

అన్నాక ఆ మాట ఆమెకే వినబడినట్టుంది. నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. ఈలోగా ఆటో కదిలింది.